ఒక ఆదివారం, మూడు ఫలితాలు: ‘అన్యాయం’ అనే మాట గురించి

సభకు నమస్కారం.

ఈ మధ్య కాలంలో వచ్చిన ఆటల ఫలితాల మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఫలితాల పట్టిక చదివి వినిపించడం కంటే, ఆ ఫలితాల మీద మనం చేసే వాదనల గురించి మాట్లాడడం మేలని నాకు అనిపించింది. టీకొట్టు దగ్గర, రైలు పెట్టెలో, ఇంట్లో భోజనాల దగ్గర ఏళ్ళ తరబడి ఈ వాదనల్లో పాలుపంచుకున్నవాణ్ణి నేను. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ‘అన్యాయం’. అన్యాయంగా ఓడిపోయాడంటాం, అన్యాయంగా గెలిచారంటాం. ఈ ఒక్క మాట కింద మనం వేరువేరు ఫిర్యాదులను కలిపేస్తున్నామనీ, వాటిని విడదీసి చూస్తే మన వాదనకు బలం రావడమే కాక, ఎవరిని తప్పుపట్టాలో ఎవరిని పట్టకూడదో కూడా తేటపడుతుందనీ చెప్పడమే ఈ సాయంత్రం నా ఉద్దేశం.

అందుకు నాకు ఒక ఆదివారం సాయం చేస్తుంది. అది 2019 జూలై 14. ఇంగ్లండులో ఆ ఒక్కరోజే మూడు పెద్ద పోటీలు జరిగాయి. లండన్‌లోని లార్డ్స్ మైదానంలో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్, అదే నగరంలో వింబుల్డన్ పురుషుల సింగిల్స్ ఫైనల్, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ బ్రిటిష్ గ్రాండ్ ప్రి. మన గడియారం ప్రకారం క్రికెట్ మధ్యాహ్నం మూడు దాటాక మొదలైంది. టెన్నిస్, రేసు రెండూ సాయంత్రం ఆరున్నర దాటాక, కొద్ది నిమిషాల తేడాతో మొదలయ్యాయి. మా ఇంట్లో టీవీని క్రికెట్‌కు వదిలి, నా ఫోను టెన్నిస్‌కూ, మా బావమరిది ఫోను రేసుకూ కేటాయించుకున్నాం. మూడు తెరల మధ్య కూర్చుని, ఒకరికొకరం కేకలు వేసి చెప్పుకుంటూ అర్ధరాత్రి దాకా చూశాం.

ఆ రోజుకు మన మనసులు ఎలా ఉన్నాయో కూడా గుర్తు చేయాలి. అంతకు నాలుగు రోజుల ముందే, బుధవారం నాడు, మాంచెస్టర్‌లో భారత్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో 18 పరుగుల తేడాతో ఓడింది. రోహిత్, రాహుల్, కోహ్లీ ముగ్గురూ ఒక్కో పరుగుకే వెనుదిరిగిన ఆ ఉదయాన్ని ఎవరూ మరిచిపోలేదు. ఆ జట్టులో చోటు దక్కని మన గుంటూరు బ్యాటర్ అంబటి రాయుడు అంతకు వారం ముందే రిటైర్మెంట్ ప్రకటించాడు. నాలుగో స్థానంలో ఎవరు ఆడాలన్న వాదన తెలుగు ఇళ్ళలో ఇంకా చల్లారలేదు. కాబట్టి మనది కాని ఫైనల్‌ను మనం కొంత దిగులుతోనూ, మనల్ని ఓడించినవాళ్ళయినా గెలవాలన్న కోరికతోనూ చూశాం.

ముందుగా ముగిసింది రేసు కనుక దానితోనే మొదలుపెడతాను. అర్హత పోటీలో వాల్టెరి బొటాస్ తన జట్టు సహచరుడు లూయిస్ హామిల్టన్ కంటే 0.006 సెకను ముందుండి పోల్ పొజిషన్ (అందరికంటే ముందు నుంచి రేసు మొదలుపెట్టే చోటు) సాధించాడు. రేసులో కూడా ముందు నిలబడి, నాలుగో ల్యాప్‌లో హామిల్టన్ దాటితే వెంటనే తిరిగి దాటి, ఆధిక్యం నిలుపుకున్నాడు. 16వ ల్యాప్‌లో టైర్లు మార్చుకున్నాడు. హామిల్టన్ ఇంకా మార్చుకోలేదు. 20వ ల్యాప్‌లో ఆంటోనియో జొవినాజి కారు అదుపు తప్పి కంకరలో ఇరుక్కుంది. సేఫ్టీ కారు వచ్చింది. ప్రమాదం జరిగినప్పుడు ముందు నడిచే ఈ కారు వెనుక అందరూ నెమ్మదిగా నడపాలి కాబట్టి, అప్పుడు పిట్‌లోకి (టైర్లు మార్చే చోటికి) వెళ్ళినవాడికి మామూలుగా పోయేంత సమయం పోదు. హామిల్టన్ అప్పుడే వెళ్ళి, టైర్లు మార్చుకుని, బొటాస్ కంటే ముందుగా ట్రాక్ మీదికి వచ్చాడు. సొంతగడ్డ మీద అతనికది ఆరో విజయం; జిమ్ క్లార్క్, అలెన్ ప్రోస్ట్‌ల పేరిట ఉన్న అయిదు విజయాల రికార్డును అది దాటింది.

మా బావమరిది వెంటనే ‘బొటాస్‌కు అన్యాయం జరిగింది’ అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఈనాటికీ ఒప్పుకోను. జరిగింది దురదృష్టం. సేఫ్టీ కారు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు; వచ్చినప్పుడు దాన్ని వాడుకునే హక్కు అందరికీ ఒకటే. అదీగాక బొటాస్ రెండుసార్లూ మీడియం టైర్లే వేసుకున్నాడు. పొడి ట్రాక్ మీద రేసులో కనీసం రెండు రకాల టైర్లు వాడాలన్న నియమం వల్ల అతనికి మరో పిట్ స్టాప్ ఎలాగూ తప్పలేదు. ఇక ఆ రోజు నా కళ్ళకు కట్టినట్టున్నది ఏమిటంటే, అప్పట్లో అత్యంత వేగవంతమైన ల్యాప్‌కు ఒక అదనపు పాయింటు ఉండేది. చివర్లో కొత్త మెత్తటి టైర్లతో బొటాస్ దానికి ప్రయత్నించాడు. ముప్ఫైకి పైగా ల్యాపులు తిరిగి అరిగిపోయిన గట్టి టైర్ల మీద, ఆఖరి ల్యాప్‌లో, హామిల్టన్ 1 నిమిషం 27.369 సెకన్లలో చుట్టి ఆ పాయింటు కూడా తీసుకున్నాడు. కలిసొచ్చిన అదృష్టాన్ని పక్కన పెట్టినా, ఆ ల్యాప్ ఒక్కటి చాలు అతని పనితనం తెలియడానికి.

దురదృష్టానికీ అన్యాయానికీ ఉన్న తేడా తెలియాలంటే దీని పక్కన 2021 డిసెంబరు 12 నాటి అబుదాబి రేసును పెట్టి చూడాలి. ఆ రేసుకు ముందు హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ ఇద్దరికీ సరిసమానంగా 369.5 పాయింట్లున్నాయి. 58 ల్యాపుల రేసులో 53వ ల్యాప్ దాకా హామిల్టన్ ముందున్నాడు. అప్పుడు నికోలస్ లటిఫీ కారు గోడను ఢీకొంది. సేఫ్టీ కారు వచ్చింది. వెర్‌స్టాపెన్ కొత్త మెత్తటి టైర్లు వేసుకున్నాడు; పాత గట్టి టైర్లతో హామిల్టన్ ట్రాక్ మీదే ఉండిపోయాడు. ఇంతవరకూ సిల్వర్‌స్టోన్ కథే. తరువాత జరిగింది వేరు. ఒక ల్యాప్ వెనుకబడిన కార్లలో ఆ ఇద్దరి మధ్య ఉన్న అయిదింటిని మాత్రమే ముందుకు పంపి, మిగతావాటిని అలాగే ఉంచి, నియమం చెప్పిన ల్యాప్ వరకు ఆగకుండా రేసు డైరెక్టర్ సేఫ్టీ కారును వెనక్కి పిలిచాడు. మిగిలిన ఒక్క ల్యాప్‌లో వెర్‌స్టాపెన్ దాటి ప్రపంచ విజేత అయ్యాడు. మరుసటి ఏడాది మార్చిలో అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య నివేదిక దాన్ని మానవ తప్పిదమని ఒప్పుకుంది, ఫలితం మాత్రం చెల్లుతుందని చెప్పింది. నియమంలోని మాటలను కూడా తిరగరాశారు. రాసి ఉన్న నియమాన్ని రాసినట్టు అమలు చేయకపోవడం అన్యాయమే. అయితే ఆ అన్యాయం వెర్‌స్టాపెన్ చేసింది కాదు. ఏడాది పొడవునా బ్రహ్మాండంగా నడిపిన మనిషి, ముందు దారి తెరుచుకుంటే ఆగిపోవాలని ఎవరూ అనలేరు. లటిఫీ చేసింది అసలే కాదు. కారు అదుపు తప్పిన పాపానికి తనకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయని అతను తరువాత బహిరంగంగా రాశాడు. ఈ సంగతి చెబుతుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియని అభిమానం చివరికి అలాంటి చోటికి చేరుతుంది.

మళ్ళీ ఆ ఆదివారానికి వస్తాను. లార్డ్స్‌లో న్యూజిలాండ్ 8 వికెట్లకు 241 చేసింది. ఇంగ్లండుకు చివరి ఓవర్లో 15 పరుగులు కావాలి, బౌలర్ ట్రెంట్ బౌల్ట్, స్ట్రైక్‌లో బెన్ స్టోక్స్. మొదటి రెండు బంతులకు పరుగులు లేవు. మూడో బంతి సిక్సర్. నాలుగో బంతిని స్టోక్స్ లెగ్ వైపు కొట్టి రెండో పరుగుకు తిరిగాడు. బౌండరీ దగ్గర నుంచి మార్టిన్ గప్టిల్ విసిరిన బంతి, క్రీజులోకి దూకుతున్న స్టోక్స్ బ్యాటుకు తగిలి, దారి మళ్ళి, బౌండరీ దాటిపోయింది. స్టోక్స్ మోకాళ్ళ మీద ఉండగానే రెండు చేతులూ పైకెత్తాడు, కావాలని చేయలేదన్నట్టు. మా ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. అంపైర్లు మాట్లాడుకుని ఆరు పరుగులిచ్చారు. 3 బంతుల్లో 9 కావలసినది 2 బంతుల్లో 3కు దిగింది. చివరి రెండు బంతులకూ ఒక్కో పరుగు, ఒక్కో రనౌట్. ఇంగ్లండు కూడా సరిగ్గా 241కే ఆలౌట్ అయింది.

ఆ ఆరు పరుగులు నిజానికి అయిదే అయి ఉండాలి. ఫీల్డర్ బంతి విసిరిన క్షణానికి బ్యాటర్లిద్దరూ ఒకరినొకరు దాటి ఉంటేనే ఆ పరుగు లెక్కకు వస్తుందని ఓవర్‌త్రోల నియమం చెబుతుంది. గప్టిల్ విసిరేటప్పటికి స్టోక్స్, అవతలి బ్యాటర్ ఆదిల్ రషీద్ రెండో పరుగులో ఒకరినొకరు దాటలేదు. ఒక పరుగు తగ్గడమే కాదు, తరువాతి బంతికి స్టోక్స్ కాక ఆదిల్ రషీద్ స్ట్రైక్‌లో ఉండేవాడు. మాజీ అంపైర్ సైమన్ టాఫెల్ మరునాడే ఈ సంగతి చెప్పాడు, ఆ రోజు అంపైరింగ్ చేసిన కుమార ధర్మసేన కూడా తరువాత పొరపాటు ఒప్పుకున్నాడు. వేలమంది అరుస్తుండగా, దూరాన ఫీల్డర్ చెయ్యి బంతిని వదిలిన క్షణాన్నీ, పిచ్ మధ్యలో ఇద్దరు మనుషులు దాటుకున్న క్షణాన్నీ ఒకేసారి కళ్ళతో పట్టుకోవడం ఎవరి తరం? ఇది పొరపాటు. అబుదాబిలో నియమాన్ని చూస్తూ చూస్తూ పక్కకు నెట్టారు. ఇక్కడ చూపు ఆనలేదు. ఫలితం మీద రెండింటి ప్రభావం ఒకలాంటిదే కావచ్చు గానీ, మన మాటల్లో రెండూ ఒకటి కాకూడదు.

అసలు కొరుకుడుపడనిది ఆ తరువాత వచ్చింది. సూపర్ ఓవర్లో ఇంగ్లండు 15 కొట్టింది. జోఫ్రా ఆర్చర్ బౌలింగ్‌లో న్యూజిలాండ్ కూడా 15 దగ్గరే ఆగింది. చివరి బంతికి రెండు పరుగులు కావలసి ఉండగా రెండో పరుగుకు పరుగెత్తి రనౌటైనవాడు మళ్ళీ ఆ గప్టిలే. బుధవారం నాడు నేరుగా వికెట్లను కొట్టి ధోనీని వెనక్కి పంపింది అతని చెయ్యే, ఆదివారం నాలుగు పరుగులు పోయింది అతని విసురులోనే, చివరికి కప్పు జారిపోయిన క్షణంలో క్రీజుకు అడుగుల దూరంలో పడి ఉన్నదీ అతనే. ధోనీ రనౌట్‌కు అతన్ని తిట్టుకున్న మా అమ్మ ఆ రాత్రి ‘పాపం ఆ పిల్లాడు’ అంది.

రెండు జట్లూ రెండుసార్లు సమానమయ్యాక విజేతను బౌండరీల లెక్కతో తేల్చారు. ఇంగ్లండువి 26, న్యూజిలాండ్‌వి 17. ఈ నియమం పోటీ మొదలయ్యే ముందే రాసి ఉంది, రెండు జట్లూ దానికి ఒప్పుకునే ఆడాయి, అంపైర్లు దాన్ని తూచా తప్పకుండా పాటించారు. కాబట్టి ఇక్కడ మోసం లేదు, పొరపాటూ లేదు. ఉన్నది తెలివితక్కువ నియమం. పరుగు పరుగే కదా. బౌండరీతో వచ్చిన నాలుగుకూ, ఎండలో పరుగెత్తి తెచ్చిన నాలుగుకూ విలువలో తేడా ఏమిటి? మా ఇంట్లో పిల్లలు ‘తక్కువ వికెట్లు పోయినవాళ్ళు గెలిచినట్టు కదా’ అని అడిగారు, వీధి క్రికెట్లో వాళ్ళకు తెలిసిన లెక్క అది. ఆ లెక్కలో న్యూజిలాండే గెలిచేది. ఇలాంటి ఫిర్యాదు నియమం రాసినవాళ్ళకు చెందాలి, గెలిచినవాళ్ళకు కాదు. ఈ ఫిర్యాదుకు ఫలం కూడా దక్కింది. ప్రపంచమంతటా అభిమానులూ మాజీ ఆటగాళ్ళూ ఒకే మాట అన్న తరువాత, ఆ అక్టోబరులోనే అంతర్జాతీయ క్రికెట్ మండలి నియమం మార్చింది. ఇప్పుడు నాకౌట్ మ్యాచ్‌లో సూపర్ ఓవర్ సమమైతే, ఎవరో ఒకరు గెలిచేదాకా మళ్ళీ సూపర్ ఓవర్లే. మన వాదనలు గాలికి పోవని నమ్మడానికి నాకు ఇదొక్కటి చాలు.

ఇదంతా జరుగుతున్న గంటల్లోనే నా ఫోనులో ఇంకో కథ నడుస్తోంది. నొవాక్ జొకోవిచ్, రోజర్ ఫెదరర్. మరో నాలుగు వారాల్లోపే 38 నిండబోతున్న ఫెదరర్ అయిదో సెట్లో 8-7 ఆధిక్యంలో, తన సర్వీసులో, 40-15 దగ్గర నిలబడ్డాడు. రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, అంటే వాటిలో ఒక్కటి గెలిచినా కప్పు అతనిదే. మొదటిదాంట్లో అతని ఫోర్‌హ్యాండ్ గీత దాటింది. రెండోదాంట్లో అతను నెట్ దగ్గరికి వచ్చాడు, జొకోవిచ్ కోర్టుకు అడ్డంగా కొట్టిన ఫోర్‌హ్యాండ్ అతన్ని దాటి పోయింది. నేను చేతిలో ఫోను పట్టుకుని లేచి నిలబడ్డాను. టీవీలో ఎవరో ఫోర్ కొట్టారు, అది చూడనే లేదు. చివరకు జొకోవిచ్ గెలిచాడు: 7-6, 1-6, 7-6, 4-6, 13-12. నాలుగు గంటల 57 నిమిషాలు.

మొత్తం మ్యాచ్‌లో ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, జొకోవిచ్ గెలిచినవి 204. పద్నాలుగు పాయింట్లు ఎక్కువ గెలిచినవాడు ఓడిపోయాడు. అభిమానులు దీన్ని కూడా అన్యాయమంటారు, ఫెదరర్‌ను ఆరాధించేవాణ్ణి కనుక ఆ రాత్రి నాకూ అలాగే అనిపించింది. కానీ టెన్నిస్‌లో పాయింట్లన్నిటినీ ఒక కుప్పగా పోసి లెక్కించరు. పాయింట్లు గేముల్లోకి, గేములు సెట్లలోకి వెళ్తాయి. రెండో సెట్‌ను 6-1తో ఊడ్చేసినా దక్కేది ఒక్క సెట్టే. మనకు ఎన్నికల్లో బాగా తెలిసిన సంగతే ఇది. కొన్ని నియోజకవర్గాల్లో భారీ మెజారిటీలు తెచ్చుకుని, ఎక్కువచోట్ల కొద్ది ఓట్లతో ఓడిన పార్టీ ఓట్లలో ముందున్నా సీట్లలో వెనుకబడుతుంది. ఆ మ్యాచ్‌లోని మూడు టైబ్రేకులూ (గేములు సమానమైనప్పుడు సెట్‌ను తేల్చేవి) జొకోవిచ్ గెలిచాడు: 7-5, 7-4, 7-3. ఆ మూడింటిలో అతనికి 21 పాయింట్లు, ఫెదరర్‌కు 12. వాటిని తీసేసి చూస్తే మిగతా మ్యాచ్‌లో ఫెదరర్ 206, జొకోవిచ్ 183. అంటే మ్యాచ్‌లో ఎక్కువ భాగం ఒకరిది, మ్యాచ్‌ను తేల్చే భాగం మరొకరిది. జనమంతా ‘రోజర్, రోజర్’ అని అరుస్తుంటే తనకు ‘నొవాక్’ అని వినిపించేలా మనసుకు చెప్పుకున్నానని జొకోవిచ్ తరువాత అన్నాడు. ఏ పాయింట్ బరువెంతో తెలిసి, దానికి తగినంత శ్రద్ధ పెట్టగలగడం కూడా ఆటలో భాగమే. ఇక్కడ ‘అన్యాయం’ అనే మాటకు చోటు లేదు. దుఃఖానికి మాత్రం ఉంది.

ఇలాంటిదే ఇటీవల మళ్ళీ చూశాం. 2025 జూన్ 8న పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో యానిక్ సిన్నర్ రెండు సెట్లు ఒకటి ఆధిక్యంలో, నాలుగో సెట్లో 5-3తో ఉండగా, కార్లోస్ అల్కరాజ్ సర్వీసు 0-40కి చేరింది. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. మూడింటినీ అల్కరాజ్ కాపాడుకున్నాడు. అయిదు గంటల 29 నిమిషాల తరువాత, అయిదో సెట్ టైబ్రేక్‌ను 10-2తో గెలిచి కప్పు ఎత్తాడు. మొత్తం పాయింట్లు సిన్నర్‌కు 193, అల్కరాజ్‌కు 192. సిన్నర్ ఏ నియమాన్నీ తప్పుపట్టలేదు. అయిదు వారాలకు వింబుల్డన్ ఫైనల్లో అదే అల్కరాజ్‌ను నాలుగు సెట్లలో ఓడించాడు.

కొలతతో మారిపోయే ఫలితాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన హైదరాబాదే దానికి ఉదాహరణ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసు జరిగినప్పుడు, మిగిలిన కొద్దిపాటి బ్యాటరీ శక్తిని పొదుపుగా వాడుకుంటూ, వెనుక తరుముతున్న నిక్ కాసిడీని ఆపి జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటింది సెబాస్టియన్ బ్యూమి. కానీ అనుమతించిన దానికంటే ఎక్కువ శక్తి వాడాడని తేలి శిక్ష పడింది, మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు వెళ్ళింది. అలాగే 2025 లాస్ వెగాస్ ఫార్ములా వన్ రేసులో మెక్‌లారెన్ కార్లు రెండింటి అడుగు పలక 9 మిల్లీమీటర్ల కంటే పలచగా అరిగిందని తేలి, రెండో స్థానంలో వచ్చిన లాండో నోరిస్‌నూ నాలుగో స్థానంలో వచ్చిన ఆస్కర్ పియాస్ట్రీనీ అనర్హులుగా ప్రకటించారు. ఉద్దేశంతో పని లేదు, కొలతే కొలత. చివరికి నోరిస్ 423 పాయింట్లతో, వెర్‌స్టాపెన్ కంటే రెండే పాయింట్లు ఎక్కువగా, ప్రపంచ విజేత అయ్యాడు. ఆ రెండు పాయింట్లు అతన్ని దాటి ఉంటే ఆ పలక మీద ఎన్ని వాదనలు జరిగేవో ఊహించవచ్చు, అయినా ఆ నిర్ణయం సరైనదే అయి ఉండేది.

చివరిగా మన అమ్మాయి. 2017 ఆగస్టు 27న గ్లాస్గోలో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్. పి.వి. సింధు, నొజోమి ఒకుహర. 110 నిమిషాలు. రెండో గేము చివరి పాయింటుకు 73 షాట్ల ర్యాలీ జరిగింది. అది సింధు గెలిచింది. మూడో గేములో 20-20 దగ్గర మిగిలిన రెండు పాయింట్లూ ఒకుహర తీసుకుంది. 19-21, 22-20, 20-22. పాయింట్లన్నీ కూడితే 61, 63. అందులో అంపైర్ పొరపాటు లేదు, తెలివితక్కువ నియమం లేదు, కొలత గొడవ లేదు. రెండు పాయింట్ల తేడా మాత్రమే ఉంది. ఆ రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు. మరుసటి ఏడాది ఫైనల్లో కూడా ఆమె ఓడింది.

ఆ మూడు తెరల ఆదివారానికి సరిగ్గా ఆరు వారాల తరువాత, 2019 ఆగస్టు 25న, బాసెల్‌లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఒకుహర. ఈసారి మా ఇంట్లో ఒకే తెర, అందరం దాని ముందే. 21-7, 21-7తో సింధు గెలిచింది. నలభై నిమిషాలైనా పట్టలేదు. మా బావమరిది కాగితం తీసుకుని పాత ఫైనల్ లెక్క పక్కన కొత్త లెక్క రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ మా టీవీ కింద అరలో ఉంది.